పండగ మర్నాడు పరిచిన బొంత

నక్షత్రం కట్టావా, ఇంకా అటక మీదే ఉందా? నిజం చెప్పు. "ఇద్దరమే కదా, ఎవరు చూడొచ్చార్లే" అనుకుని ఉంటావు. తప్పు పట్టడం లేదమ్మా. మూడేళ్ళ క్రితం నేనూ అచ్చం అదే మాట అనుకున్నాను. రా, కూర్చో. అల్లం దంచి వేసి టీ పెట్టాను. తాగుతూ మాట్లాడుకుందాం.

మా తెనాలి ఇంట్లో నక్షత్రం అంటే పిల్లల పని. పెద్దాడు వెదురు బద్దలు చీల్చి ఐదు కోణాలూ దారంతో బిగించేవాడు. చిన్నది గాలిపటాల కాగితం అంటించేది. మైదా ఉడికించి జిగురు చేసివ్వడం ఒక్కటే నా వంతు. లోపల బల్బు పెట్టి, డాబా మీద పొడుగాటి కర్రకి కట్టి, గబగబా మెట్లు దిగి వీధిలో నిలబడి మెడలు పైకెత్తి చూసుకునేవాళ్ళు. ఇప్పుడు పెద్దాడు డల్లాస్‌లో ఉన్నాడు. చిన్నది పెళ్ళయి బెంగుళూరులో ఉంది. ఆ ఏడాది మొట్టమొదటిసారి ఇద్దరూ రాలేమన్నారు. డిసెంబరులో విమానం టిక్కెట్లు మండిపోతాయి, పెద్దాడికి సెలవు దొరకదు, చిన్నదానికి అత్తగారింట్లో తొలి క్రిస్మస్. అన్నీ న్యాయమైన కారణాలే. న్యాయమైనంత మాత్రాన బాధ తగ్గుతుందా చెప్పు? కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరూ దొరకని బాధ మరీ బరువుగా ఉంటుంది.

మీ బావ ఒకరోజు సాయంత్రం బజారుకెళ్ళి, నాతో మాటైనా అనకుండా, ప్లాస్టిక్ నక్షత్రం ఒకటి కొనుక్కొచ్చారు. ఆయన స్టూలెక్కి గుమ్మం పైన కడుతుంటే నేను స్టూలు పట్టుకున్నాను. స్విచ్చి వేసి ఇద్దరం వీధిలోకి వెళ్ళి నిలబడ్డాం. ఎదురింటి పిల్లాడు సైకిలాపి, "మామ్మగారూ, మన వీధిలో మీదే ఫస్టు నక్షత్రం!" అన్నాడు. ఎవరు చూడొస్తారులే అనుకున్నాను కదా, వాడు చూశాడు. ఆ రాత్రి పక్కింటావిడ కూడా చూసింది, పాలు పోసే అబ్బాయీ చూశాడు. అందుకని నువ్వు ఈ సాయంత్రమే కట్టించు. మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని స్టూలు మాత్రం ఎక్కకు. వీధిలో ఏ పిల్లాణ్ణో పిలువు. వచ్చి కడతాడు, సంతోషంగా కడతాడు.

ఇక వంటిల్లు. మన అసలు చిక్కంతా అక్కడే కదూ? మనసు ఇద్దరమే అని ఒప్పుకున్నా చెయ్యి ఒప్పుకోదు. ఇంటిల్లిపాదికీ, వచ్చే చుట్టాలకీ, ఇరుగుపొరుగుకి పంపే పళ్ళేలకీ కలిపి కొలిచి కొలిచి అలవాటైన చెయ్యి అది. ఆ మొదటి ఏడాది నేను ఐదు కిలోల కొత్తబియ్యం నానబోశాను. పక్కింటావిడ సాయమొచ్చింది, అరిసెలు వత్తాం, డబ్బాలు నింపాం. తినేదెవరు? మీ బావకి షుగరు. సంక్రాంతి వెళ్ళిపోయాక కూడా డబ్బా అడుగున గట్టిపడిపోయిన అరిసెలు కనిపించేవి. మూత తీసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది. ఆ విసుగుతో రెండో ఏడాది అసలేమీ చెయ్యలేదు. అది ఇంకా పెద్ద తప్పయింది. రాత్రి పదకొండు దాటాక కేరల్స్ వాళ్ళు డోలకూ గిటారూ పట్టుకుని వచ్చారు. మంకీ టోపీలు పెట్టుకున్న సండే స్కూలు పిల్లలు మంచులో నిలబడి గొంతెత్తి పాడారు. వాళ్ళ చేతుల్లో బిస్కెట్ పాకెట్లు పెట్టి పంపాను. వాళ్ళు సంతోషంగానే తీసుకున్నారు. చిన్నబోయినవి నా చేతులే.

కాబట్టి నా మాట విను. మానెయ్యకు, పాత లెక్కలోనూ చెయ్యకు. ఒక్క కిలో బియ్యం నానబెట్టు. ఒక రాత్రీ ఒక పగలూ నాననిచ్చి, మధ్యలో నీళ్ళు మార్చి, తడి ఆరకముందే పిండి పట్టించు. పాకం దగ్గర ఇద్దరుండాలి, ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలపాలి. పిల్లలున్నప్పుడు మగవాళ్ళని మనం వంటింట్లోకి రానివ్వలేదు. ఇప్పుడు రానిద్దాం. పోయిన ఏడాది మీ బావ గరిటె తిప్పుతూ, వాళ్ళమ్మ ఏ పాకం ఎలా చూసేదో, నీళ్ళల్లో వేసిన బెల్లం ముద్ద వేళ్ళ మధ్య ఎలా ఉండలా నిలవాలో చెప్పుకుంటూ పోయారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ కబుర్లు నేను ఎప్పుడూ వినలేదు. కజ్జికాయలు కూడా కావాలనిపిస్తే ఒక్క వాయి చెయ్యి, చాలు. పిల్లలకి పార్సిలు పంపాలని ఉంటే అది నవంబరులోనే అయిపోవాలి. క్రిస్మస్ ముందు వారం కొరియరు వాళ్ళ వెంటపడి రక్తపోటు పెంచుకోవద్దు.

గుడిలో ఏడుపొస్తుందేమోనని భయంగా ఉందా? వస్తుంది. రానివ్వు. తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో కర్ర పట్టుకుని బుల్లి గొర్రెల కాపరులు వేదిక మీదికి వస్తారు చూడు, అక్కడ నాకు ఆగదు. పెద్దాడికి ఆరేళ్ళప్పుడు మీ బావ గళ్ళ తువ్వాలే వాడి తలపాగా. చెప్పాల్సిన మాట మర్చిపోయి నాకేసి చూసిన ఆ చూపు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంది. బెంచీ మీద మన పక్కన ఇద్దరు పట్టే జాగా ఖాళీగా ఉంటుంది, అక్కడ మనం మన సంచీ పెట్టుకుంటాం. అదే నీకు దిగులైతే ఒక పని చెయ్యి. స్త్రీల సమాజం వాళ్ళ దగ్గరికి ముందే వెళ్ళి, నాటకంలో పిల్లల బట్టల బాధ్యత అడుగు. దేవదూత రెక్కలకి పిన్నీసులు పెట్టడం, పొడుగైపోయిన తెల్ల గౌన్ల అంచులు మడిచి కుట్టడం. చేతుల్లో సూదీ దారం ఉంటే కన్నీళ్ళు వాటంతటవే వెనక్కి వెళ్తాయి. పైగా కుర్ర తల్లులకి ఎంత సాయమో! వాళ్ళకి ఇప్పుడు మనం ఒకప్పుడు పడ్డ హడావిడి.

పండగ పూట దూరంగా ఉన్నవాళ్ళ కోసం ఎదురుచూడటం మనతోనే మొదలవలేదులే. మన గుంటూరు పక్క క్రైస్తవ సంఘం ఎలా మొదలైందో చిన్నప్పుడు విన్నాం కదా. 1842లో మిషనరీ హయ్యరు దొరగారు అమెరికా నుంచి ఓడ మీద వచ్చి గుంటూరు చేరారు. ఆ రోజుల్లో ఇంటి నుంచి ఒక్క ఉత్తరం రావాలంటే నెలలు పట్టేది. పండగ పూట నా వాళ్ళెలా ఉన్నారో అని ఆయన అనుకున్నా, జవాబు వచ్చేసరికి ఆ పండగ ఎప్పుడో వెళ్ళిపోయేది. అటు అమెరికా వాళ్ళు మన ఊళ్ళకొచ్చి అలా ఎదురుచూశారు, ఇప్పుడు మన పిల్లలు అక్కడికెళ్తే మనం ఎదురుచూస్తున్నాం. మనకి మొహం చూసుకునే ఫోనుంది, అదొక్కటి నయం.

ఆ ఫోను సంగతి కూడా చెప్పాలి. పండగ రోజంతా దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుంటామా లేదా? మోగితే ఉలిక్కిపడతాం, తీరా చూస్తే గ్యాసు కంపెనీ మెసేజు. ఇది వద్దు. వేళ ముందే అనుకోండి. చలికాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మనం 25న గుడి నుంచి వచ్చి పొద్దున పదింటికి కూర్చుంటే వాళ్ళకి 24 రాత్రి పదిన్నర. పిల్లల్ని పడుకోబెట్టి, చెట్టు కింద బహుమతులు సర్దుకునే వేళ. అమ్మానాన్నలతో నింపాదిగా మాట్లాడటానికి అంతకంటే మంచి సమయం వాళ్ళకీ దొరకదు. బెంగుళూరు పిల్లతో సాయంత్రం మాట్లాడు, వాళ్ళ భోజనాల గొడవ అయ్యాక. ఇంకొక్క మాట, కాస్త గట్టిగానే చెబుతున్నాను. "వచ్చే ఏడాదైనా వస్తారా" అని ఆ రోజు మాత్రం అడగకు. వాళ్ళకి రావాలని లేక కాదు. ఆ ప్రశ్న వినగానే వాళ్ళ మొహం చిన్నదవుతుంది, అది చూసి మనం ఫోను పెట్టేశాక రాత్రంతా నిద్రపోం. ఏం వండారని అడుగు. మనవరాలు చెట్టుకి ఏం కట్టిందో చూపించమను. మా ఇంట్లో ఎప్పుడూ సరుగుడు కొమ్మే క్రిస్మస్ చెట్టు, బాపట్ల వైపు నుంచి బళ్ళ మీద వచ్చేది. మన కొమ్మ ఇలా ఉండేదమ్మా అని మనవరాలికి చెబితే ఎంత నవ్విందో, ఆకులు దువ్వెనలాగా ఉంటాయా అని అడిగింది!

మధ్యాహ్నం భోజనానికి మాత్రం ఇద్దరే కూర్చోవద్దు. నర్సు ఉద్యోగానికి పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి పండగ రోజు డ్యూటీ పడ్డ పిల్ల ఒకత్తి మీ సందులోనే ఉంటుంది, చూడు. భార్య పోయి ఒంటరిగా ఉన్న పెద్దాయన గుడిలో మీ వెనక బెంచీలోనే కూర్చుంటాడు. ఊరికెళ్ళలేని హాస్టలు పిల్లలుంటారు. పలావూ కోడికూరా నాలుగు గారెలూ చేసి ఒక్కరినైనా పిలువు. పిలవడానికి మొహమాటపడతాం గానీ, వచ్చేవాళ్ళు అంతకంటే ఎక్కువ మొహమాటంతో ఎవరైనా పిలిస్తే బావుండునని ఎదురుచూస్తుంటారు. హైదరాబాదులో ఉండే మన చెల్లెళ్ళకి ఇంట్లో అసలు ఉండబుద్ధి కాకపోతే, పొద్దున్నే లేచి మెదక్ గుడికి వెళ్ళిరమ్మని చెప్పు. కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని పాస్నెట్ దొరగారు కట్టించిన గుడి అది. 1924లో సరిగ్గా డిసెంబరు 25నే ప్రతిష్ఠ జరిగింది. ఐదు వేలమంది పట్టే ఆ గుడి క్రిస్మస్ నాడు నిండిపోతుంది. అంత జనంలో నడుస్తూ మనం ఒంటరివాళ్ళం అనుకోవడం కష్టం.

ఇదంతా చేశాక, క్రిస్మస్ రోజు నిజానికి బాగానే గడిచిపోతుంది. నాకు మీదపడింది మర్నాడు.

పోయిన ఏడాది 26వ తేదీ పొద్దున్న లేచాను. గిన్నెలు కడగడం కూడా రాత్రే అయిపోయింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. గుమ్మం మీద నక్షత్రం పగటి వెలుతురులో వెలవెలబోతోంది. మీ బావ పేపరు చదివిన పేజీనే మళ్ళీ చదువుతున్నారు. నెల్లాళ్ళుగా దేనికోసమో పరుగెత్తిన ఒళ్ళు ఒక్కసారిగా ఆగితే ఏం చెయ్యాలో దానికి తెలియలేదు. కాళ్ళు లాగుతున్నాయి, పడుకుంటే నిద్ర రాదు. పిల్లలున్న రోజుల్లో 26 అంటే మిగిలిన పలావు వేడిచేసుకుని, అందరం చాప మీద అడ్డదిడ్డంగా పడి నిద్రపోవడం. ఆ అలసటలో ఎంత సుఖముండేదో! అలసట ఇప్పుడూ ఉంది. పక్కన ఒరుసుకుని పడుకునేవాళ్ళు లేరు. నీకూ ఇలాగే ఉంటుందేమోనన్న భయంతోనే ఇవాళ ఇంతసేపు కూర్చోబెట్టాను.

ఏదో వెతుకుతూ బీరువా పై అర తీశాను. మా అమ్మ ప్రభు భోజనం ఆదివారాలకి కట్టుకునే తెల్లచీరలు రెండు, వాటి కింద చిన్నదాని గళ్ళ యూనిఫారం, పెద్దాడి కాలరు చిరిగిన చొక్కాలు, నా పాత మంగళగిరి చీర. పారెయ్యలేక, కట్టుకోలేక, ఇన్నేళ్ళూ నాఫ్తలీన్ ఉండల మధ్య దాచిపెట్టుకున్న బట్టలు. వాటిని ఒళ్ళో వేసుకుని కూర్చుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మాసూళ్ళయ్యాక పనుల్లేని మధ్యాహ్నాలు వేపచెట్టు కింద చాప పరిచి బొంత కుట్టేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒక్కో మూల పట్టుకుని కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ దాని మీదే కుట్టేసేవాళ్ళు. ఆ చీరలు తీసి హాలులో పరిచాను. మీ బావ పేపరు దించి చూశారు. "బొంతా?" అన్నారు. అంతే, లేచి కుర్చీలు పక్కకి జరిపారు.

చెబుతాను, నువ్వు కూడా మొదలుపెట్టాలి కదా. ఆరు గజాల చీరని మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, దాదాపు మూడుముప్పావు అడుగుల వెడల్పు వస్తుంది. ఒక మనిషి కప్పుకోవడానికి సరిగ్గా సరిపోయే కొలత. అలాంటివి రెండు చీరలు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆరు పొరలు. మన కోస్తా చలికి అది ధారాళంగా చాలు. అన్నీ నూలువే తీసుకో. నైలాను, పాలిస్టరు కలిపావనుకో, ఒకటి జారిపోతుంది, ఉతికాక ఇంకొకటి ముడుచుకుపోతుంది, బొంత ఉబ్బుగడ్డలు కడుతుంది. ఎన్నోసార్లు ఉతికిన పాతచీరలే మంచివి. కుదించుకునేదంతా ఎప్పుడో కుదించుకుపోయి ఉంటాయి. రంగు మీద అనుమానముంటే తడి తెల్లగుడ్డతో ఓ మూల రుద్ది చూడు. మా అమ్మ తెల్లచీరలు నేను లోపలి పొరలుగా పెట్టాను. పైన నా మంగళగిరి చీర, దాని మీద పిల్లల బట్టల ముక్కలు అతికాను.

కోసే ముందు మాత్రం పిల్లల్ని అడుగు. ఇది మరీ మరీ చెబుతున్నాను. ఆ యూనిఫారం మీద కత్తెర పెట్టబోయి ఎందుకో ఆగి, చిన్నదానికి ఫోను చేశాను. "అమ్మా, ఆ జేబు కొయ్యకు! దాని మీద సిరా మరక ఉంది చూడు, అది పరీక్ష రోజు..." అని మొదలుపెట్టింది. ఆ పరీక్ష, ఆ రోజు పెన్ను ఇచ్చిన స్నేహితురాలు, ఆ స్నేహితురాలు ఇప్పుడెక్కడుందో, అన్నీ చెప్పింది. నలభై నిమిషాలు. మామూలుగా మా ఫోన్లు ఎలా ఉంటాయో తెలుసా? తిన్నావా, తిన్నాను, మీరు తిన్నారా, నాన్న మందులు వేసుకున్నారా, సరే ఉంటాను. మనకి పిల్లలతో మాట్లాడాలనే ఉంటుంది గానీ మాట్లాడటానికి సంగతి దొరకదు. ఆ జేబుని సిరా మరకతో సహా బొంత మధ్యలో కుట్టాను. పెద్దాడికి చొక్కాల ఫొటో పంపితే, నీలంది మాత్రం తలవైపు రావాలన్నాడు. ఆ చొక్కాతోనే వాడు మొదటి ఉద్యోగంలో చేరాడు.

పరిచేటప్పుడు తొందరపడకు. గచ్చు శుభ్రంగా తుడిచి, ఒక్కో పొరా పరిచి, అరచేత్తో మధ్య నుంచి అంచులకి నిమురుతూ ముడతలు బయటికి తోసెయ్యి. నాలుగు మూలలా బరువు పెట్టు. మేము పప్పుల డబ్బాలు పెట్టాం. ముందు బెత్తెడు బెత్తెడు దూరంలో పెద్దపెద్ద కచ్చా కుట్లు వెయ్యాలి, అవీ మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకి రావాలి. అంచుల నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యలో పోగుపడుతుంది. కచ్చా కుట్టు అయ్యాక ఇక కింద కూర్చునే అవసరమే లేదు. కుర్చీలో కూర్చుని, బొంత బల్ల మీదకి లాక్కుని కుట్టుకో. వరసకీ వరసకీ ఒకటిన్నర, రెండంగుళాల ఎడం ఉంచి మామూలు పరుగు కుట్టు. దబ్బనం అక్కర్లేదు, అది గోతాలకి. కాస్త పొడుగాటి లావు సూది చాలు. నూలు దారం రెండు పోగులు వేసుకో. దారం మూరన్నరకి మించి తీసుకోకు, ఎక్కువైతే చిక్కుపడి ప్రాణం తీస్తుంది. కొవ్వొత్తుల ఆరాధన నుంచి తెచ్చుకున్న కొవ్వొత్తి ముక్క ఇంట్లో పడుంటుందే, పారెయ్యకు. దారాన్ని ఆ మైనం మీంచి ఒక్కసారి లాగితే నున్నగా అవుతుంది, ముడిపడదు. 24 రాత్రి చేతిలో వెలిగిన కొవ్వొత్తి 26న మళ్ళీ చేతిలోకి వచ్చిందని నాకెంత హాయిగా అనిపించిందో.

కళ్ళజోడు లేకుండా కూర్చోవద్దు. కిటికీ పక్కన, పగటి వెలుతురులోనే కుట్టు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేసి మెడ తిప్పుకో. షుగరు ఉన్నవాళ్ళు వేలికి తొడిగే టోపీ పెట్టుకోకుండా సూది ముట్టుకోవద్దు, సూది పోటు మానడానికి వాళ్ళకి రోజులు పడుతుంది.

కుట్టు వంకర పోతోందని దిగులుపడతావేమో, నీ సంగతి నాకు తెలుసు. వంకర పోనీ. మనం ఎవరికీ పరీక్ష రాయడం లేదు. మొన్న చిన్నది బెంగుళూరులో ప్రదర్శన చూసి వచ్చి చెప్పింది, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ ఆడవాళ్ళు కవంది అని కుడతారు. అదీ మన బొంత లాంటిదే. వాళ్ళు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. గీత గీసుకోరు, చెయ్యి ఎటుపోతే కుట్టు అటే. ముగించే ముందు నాలుగు మూలలా మడిచిన గుడ్డ ముక్కలు పూలలాగా కుడతారు. ఆ పూలు లేకపోతే కవంది పూర్తయినట్టు కాదు. అది విన్నాక మా బొంతకీ నాలుగు మూలలు కుట్టాను, పెద్దాడి చొక్కా కాలరు ముక్కలతో.

అసలు కుట్టే ఓపికే లేదంటావా? దానికీ దారి ఉంది. అమెరికాలో లూథరన్ చర్చిల ఆడవాళ్ళు, చాలామంది మనకంటే పెద్దవాళ్ళే, వారానికోసారి కూర్చుని పాతబట్టలతో దుప్పట్లు చేస్తారు. లూథరన్ వరల్డ్ రిలీఫ్ ద్వారా అవి కష్టాల్లో ఉన్న దేశాలకి వెళ్తాయి. అరవై అంగుళాలకి ఎనభై అంగుళాలు వాళ్ళ కొలత. వాళ్ళు వరసలు వరసలుగా కుట్టరు. కొద్ది కొద్ది ఎడంలో పొరలన్నీ పట్టేలా దారం గుచ్చి పైన ముడి వేసేస్తారు. చకచకా అయిపోతుంది, గట్టిగానూ ఉంటుంది. జానెడు దూరం కంటే ఎక్కువ వదలకుండా నువ్వూ అలా ముళ్ళు వేసుకోవచ్చు.

నాకు మాత్రం ఆ వరసలే కావాలనిపించింది. సూది లోపలికి, పైకి, లోపలికి, పైకి. మొదటి రోజు పిల్లలే తలపుల్లో ఉన్నారు. రెండో రోజు మా అమ్మ వచ్చింది. ఆ తెల్లచీర పొరలోంచి సూది దిగిన ప్రతిసారీ, గుడికి వెళ్ళే ముందు ఆవిడ కొంగు సర్దుకున్న తీరు కనిపించేది. పిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక మా అమ్మ క్రిస్మస్‌లు ఎలా గడిపిందో నేనెప్పుడైనా అడిగానా? అత్తగారింటి నుంచి 27నో 28నో వెళ్ళేవాళ్ళం, వెళ్ళేసరికి అన్నీ సిద్ధంగా ఉండేవి, ఆవిడ నవ్వుతూ ఎదురొచ్చేది. ఆ రెండు మూడు రోజులు ఆవిడ ఏం చేసుకుందో అన్న ప్రశ్న నాకు యాభై ఏడో ఏట వచ్చింది. చాలాసేపు ఏడ్చాను. బరువు దిగినట్టయింది. మూడో రోజు నుంచి ఎవరూ లేరు, వరస ఒక్కటే ఉంది. అంత నిద్ర నేను ఆ మధ్య ఎప్పుడూ పోలేదు.

మీ బావ సంగతి కూడా చెప్పనీ. మగవాళ్ళ దిగులు పైకి కనపడదు, మనం అడగం, వాళ్ళు చెప్పరు. ఆయనకి సూదిలో దారం ఎక్కించే పని అప్పగించాను. ఆయనకి శుక్లాల ఆపరేషనయ్యాక చూపు నాకంటే బాగుంది. పది సూదుల్లో దారం ఎక్కించి పాత క్యాలెండరు అట్టకి వరసగా గుచ్చి పెట్టేవారు. అలా గుచ్చుతూ గుచ్చుతూ, రెండో రోజు సాయంత్రం, "పెద్దాడు ఎయిర్‌పోర్టులో వెనక్కి తిరిగి చూడలేదు, గుర్తుందా?" అన్నారు. ఆ మాట ఆరేళ్ళ నాటిది. ఆరేళ్ళూ లోపలే పెట్టుకున్నారు. చూస్తే ఏడుపొస్తుందని చూసి ఉండడండీ అన్నాను. కాసేపాగి ఇంకో సూది అందుకున్నారు. మీ ఇంట్లో ఆయనకీ ఏదో ఒక పని ఇవ్వు. చేతిలో పని ఉంటే, ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేకపోతే, వాళ్ళకి మాట వస్తుంది.

గడువు పెట్టుకోకు. క్రిస్మస్ నుంచి జనవరి 6 దాకా పన్నెండు రోజులు అని పెద్దవాళ్ళు లెక్క చెప్పేవాళ్ళు. మాకు మధ్యలో 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధన వచ్చింది, కొత్త సంవత్సరానికి నలుగురు ఇంటికొచ్చారు, అప్పుడు బొంత చుట్టి మంచం కింద పెట్టేశాం. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ తీశాం. పూర్తయ్యేసరికి సంక్రాంతి ముగ్గులు పడ్డాయి. చన్నీళ్ళలో నానబెట్టి, పిండకుండా డాబా మీద రెండు దండేలకి అడ్డంగా వేసి ఆరబెట్టాను. తడిసిన బొంత ఎంత బరువో మర్చిపోయాను, నువ్వు ఒక్కదానివే ఎత్తకు, ఇద్దరూ పట్టుకోండి. ఎండిన రాత్రి కప్పుకుంటే ఎండవాసన, దాని కింద ఎక్కడో మా అమ్మ బీరువా వాసన. మనవరాలికి పంపాలని కుట్టాను గానీ, ఈ చలికాలం మేమే కప్పుకుంటున్నాం. ఆ పిల్ల వచ్చినప్పుడు సిరా మరక చూపించి తనకిస్తాను. ఈ ఏడాది 26కి రెండోది మొదలుపెడతాం, చీరలు తీసి ఉంచాను.

టీ తాగేశావా? గ్లాసు అక్కడ పెట్టు, నేను కడుగుతాలే. నువ్వు ముందెళ్ళి ఆ నక్షత్రం అటక మీంచి దింపించు. తర్వాత బీరువా పై అర తీసి చూడు. మీ అత్తగారి నేతచీర ఒకటి దాచావని అప్పుడెప్పుడో అన్నావు. దాని అంచు ఏ రంగో రాత్రికి ఫోను చేసి చెప్పు, నా దగ్గర కుంకుమరంగు దారం ఒక ఉండ మిగిలి ఉంది.